మగ్గం దిగిన బట్టకు ఇంకో పని మిగిలే ఉంటుంది

ప్రశ్న: మా అమ్మాయి కొత్త కాపురానికని ఎగ్జిబిషన్‌లో రెండు చేనేత దుప్పట్లు, ఆరు తెల్ల తువ్వాళ్ళు, ఒక జంపఖానా కొన్నాం. 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు అని చెప్పి ఇచ్చిన దుప్పటి ఒక్క ఉతుకుతో 56, 84కి వచ్చింది. ఎర్ర దుప్పటి రంగు దిగి, దానితో పాటు నానిన తెల్ల దిండు గలీబు గులాబీ రంగుకు తిరిగింది. ఉప్పు నీళ్ళలో నానబెట్టినా రంగు దిగుతూనే ఉంది. తువ్వాళ్ళు నీళ్ళు పీల్చవు, ఒంటి మీద జారిపోతున్నాయి. జంపఖానా అంచులు అలలు అలలుగా లేచాయి. మేం మోసపోయామా? ఇంకో ఆరు దుప్పట్లు నేయించాలని ఉంది. నేసేవాళ్ళకు ఏమని చెప్పాలి? – ఒక పాఠకురాలు, కరీంనగర్

సమాధానం: రంగు సంగతి పక్కన పెడితే మీరు మోసపోలేదు. రంగు కూడా పరీక్ష చేసి చూశాకే తేలుతుంది. మీరు కొన్నవి మగ్గం దిగి నేరుగా మడతలకెక్కిన బట్టలు. పూర్వం కొత్త బట్ట ముందు చాకలి ఇంటికి పోయేది. చౌడులో నానేది, ఉబ్బలో ఆవిరికి ఉడికేది, రేవులో బండ మీద దెబ్బలు తినేది. ఆ తర్వాతే మంచం మీదికి వచ్చేది. గంజి వదలడం, దూదిలో పుట్టుకతో ఉండే మైనం పోవడం, బట్ట కుదించుకుని తన అసలు కొలతకు రావడం అన్నీ అక్కడే జరిగిపోయేవి. ఇప్పుడా పని నేసినవాళ్ళూ చేయడం లేదు, అమ్మినవాళ్ళూ చేయడం లేదు. చివరికి కొన్నవాళ్ళ బకెట్లో జరుగుతోంది. చాలావరకు ఇంట్లోనే సరిచేసుకోవచ్చు.

ముందు దుప్పటి ఎందుకు కురచైందో చూద్దాం. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, బిగదీసి ఉంటుంది. ఆ బిగువు మీదే పేక, అంటే అడ్డ పోగు, పడుతుంది. బట్ట కోసి కిందికి దించగానే కొంత సడలుతుంది. నీళ్ళు తగిలాక అసలు మార్పు వస్తుంది. తడిసిన నూలు పోగు లావెక్కుతుంది. లావెక్కిన పోగు మీదుగా, కిందుగా వెళ్ళే అడ్డ పోగుకు మునుపటికంటే ఎక్కువ దారి కావాలి. పోగు సాగదు కదా, అందుకని బట్టే దగ్గరకు జరుగుతుంది. ఉతికి ఆరిన దుప్పటి కుట్టు విప్పి, కోసిన అంచు దగ్గర 10 అంగుళాల మేర గుర్తు పెట్టి ఒక పోగు లాగండి. పాములా మెలికలు తిరిగి వస్తుంది. స్కేలు పక్కన పెట్టి మెల్లగా నిటారు చేస్తే పదిన్నర దాటుతుంది. మీ దుప్పటిలో తగ్గిందనుకున్న కొలతంతా అలాంటి మెలికల్లోనే ఉంది.

60కి 4, 90కి 6 అంటే నూటికి సుమారు ఆరున్నర. ఉడికించని నూలు చేనేతకు నూటికి 5 నుంచి 8 వరకు తగ్గడం మామూలే. రెండు, మూడు ఉతుకుల్లో ఇంకో ఒకటి తగ్గి ఆగిపోతుంది. నూటికి 10 దాటిందంటే మాత్రం పేక పలచగా వేసి, గంజి బాగా పట్టించి బిగువు చూపించారని అనుమానించాలి. అలాంటి బట్టను రెండు గుప్పిళ్ళతో పట్టి నల్లగుడ్డ మీద గట్టిగా నలిపితే తెల్లటి పొడి రాలుతుంది. కొనేముందే చేయదగ్గ పరీక్ష ఇది.

కురచైన దుప్పటిని తడిమీద ఇద్దరు లాగి ఇస్త్రీ చేస్తే ఒకటి రెండు అంగుళాలు వస్తాయి గానీ మళ్ళీ ఉతికితే పోతాయి, అంచు చిరిగే ప్రమాదం కూడా ఉంది. ఆ పని చేయకండి. 75 అంగుళాల పొడవు, 4 అంగుళాల మందం ఉన్న పరుపును రెండు వైపులా కప్పడానికే 83 అంగుళాలు పోతాయి. 84లో దోపడానికి మిగిలేది ఒక్క అంగుళం, అందుకే రాత్రికి ఊడి వస్తుంది. దాన్ని కప్పుకునే దుప్పటిగా వాడుకోండి. అసలు ఒంటి మంచానికి 90 పొడవు మొదటి నుంచీ చాలదు.

ఇక తువ్వాళ్ళు. దూది పోగు మీద సహజంగా పలచటి మైనం పొర ఉంటుంది. పడుగు తెగకుండా నేసేవాళ్ళు పట్టించిన గంజి దానికి తోడవుతుంది. ఈ రెండూ పోనంతకాలం నీటిచుక్క తువ్వాలు మీద పూసలా నిలబడుతుంది. చన్నీళ్ళలో పది సార్లు ఉతికినా మైనం పోదు, దాన్ని సోడాతో ఉడికించే తీయాలి.

ఆరు తువ్వాళ్ళు సుమారు కిలో తూగుతాయనుకుందాం. ముందు రోజు రాత్రి గోరువెచ్చటి నీళ్ళలో పూర్తిగా మునిగేలా నానబెట్టండి. 10, 12 గంటల్లో గంజి మెత్తబడి వదులుతుంది, నీళ్ళు జిగటగా, కాస్త పుల్లటి వాసనతో ఉంటాయి. పారబోసి పిండండి. పెద్ద స్టీలు పాత్రలో 20 లీటర్ల నీళ్ళు, 100 గ్రాముల బట్టల సోడా, 50 గ్రాముల మంచి సబ్బు పొడి వేసి కరిగాక తువ్వాళ్ళు దించండి. వంట సోడా పనికిరాదు, దానికి అంత శక్తి లేదు. కాస్టిక్ సోడా జోలికి ఇంట్లో వెళ్ళకండి, చేతులు, కళ్ళు కాలిపోతాయి. అల్యూమినియం గిన్నె కూడా వద్దు, సోడా దాన్ని తినేస్తుంది, ఆ మసి బట్టకు పడుతుంది. చిన్న మంట మీద గంటసేపు ఉడకనిచ్చి, పావుగంటకోసారి కర్రతో కిందికి అదమండి. పైకి తేలిన మడతల్లో గాలి నిలిచిన చోట మైనం పోక, తర్వాత మచ్చల్లా కనిపిస్తుంది. నీళ్ళు టీ రంగుకు మారితే పని జరుగుతున్నట్టే.

ఇక్కడే చాలామంది పొరబాటు చేస్తారు. ఉడికిన బట్టను తీసి వెంటనే చన్నీళ్ళలో వేస్తారు. వేడి నీళ్ళలో కరిగి తేలుతున్న మైనం చల్లదనానికి బిగుసుకుని తిరిగి బట్టకే అంటుకుంటుంది. అందుకని మొదటి రెండు జాడింపులూ వేడినీళ్ళతో చేయండి, మూడోది చన్నీళ్ళతో. ఆరాక ఒక నీటిచుక్క వదిలి చూడండి. అయిదు సెకన్లలోపు ఇంకిపోవాలి. అంతకంటే ఎక్కువసేపు నిలిస్తే ఇంకోసారి ఉడికించండి. ఆ తర్వాత సాఫ్ట్‌నర్లు వాడకండి. మనం ఇంత కష్టపడి తీసిన పొరలాంటిదే ఇంకో పొర అవి వేస్తాయి. ఈ పద్ధతి తెల్ల, కోరా తువ్వాళ్ళకే. రంగు అంచున్న తువ్వాలైతే ముందు ఆ అంచుకు కింద చెప్పే గ్లాసుల పరీక్ష చేయాలి.

ఎర్ర దుప్పటికి ఉప్పు ఎందుకు పని చేయలేదని అడిగారు. రంగులద్దేవాళ్ళు ఉప్పు వేసే మాట నిజమే. తొట్టిలోని రంగును నీళ్ళలోంచి నూలు మీదికి తోలడానికి దాన్ని వేస్తారు. పోగుకు రంగును కట్టిపడేసే శక్తి ఉప్పుకు లేదు. ఇప్పుడు ఎక్కువగా వాడే రియాక్టివ్ రంగుల్లో ఆ పని సోడా చేస్తుంది, అదీ అద్దకం సమయంలోనే. మీ బకెట్లో ఉప్పు వేసినప్పుడు వదులుగా ఉన్న రంగు పోగును పట్టుకునే ఉండిపోతుంది. నీళ్ళు తేటగా కనబడి మీకు సంతోషం కలుగుతుంది, తర్వాతి సారి మామూలు నీళ్ళలో వేయగానే అదంతా దిగుతుంది. వెనిగర్ కూడా అంతే. అది ఉన్ని, పట్టులకు వేసే ఆమ్లపు రంగుల సంగతి, నూలుకు సంబంధించింది కాదు.

దుప్పటి ఏ రంగుదో తెలుసుకోవడానికి మూడు గ్లాసులు చాలు. దుప్పటి ఒక మూలను, చెయ్యి పెడితే ఓర్చుకోలేనంత వేడి నీళ్ళలో, కాస్త సబ్బు కలిపి పది నిమిషాలు ముంచండి. ఆ గ్లాసు పక్కన పెట్టి, అదే మూలను రెండో గ్లాసులో కొత్త వేడినీళ్ళలో, తర్వాత మూడో దాంట్లో అలాగే ముంచండి. మూడింటినీ తెల్ల కాగితం ముందు వరుసగా నిలబెట్టండి. మొదటిది కుంకుమ నీళ్ళలా, రెండోది లేత గులాబీగా, మూడోది దాదాపు తేటగా ఉంటే అద్దకం మంచిదే, చివరి కడుగుడు మాత్రం సరిగా జరగలేదు. దుప్పటిని ఒంటరిగా, 20 లీటర్ల వేడినీళ్ళలో, ఉప్పు లేకుండా సబ్బుతో రెండు, మూడు సార్లు ఉతికితే ఇబ్బంది తీరుతుంది. మూడు గ్లాసులూ ఒకే ముదురు రంగులో ఉంటే అది చాలావరకు డైరెక్ట్ రంగే అయి ఉంటుంది. పోగును గట్టిగా పట్టుకునే గుణం దానికి లేదు, ఎన్నేళ్ళు ఉతికినా దిగుతూనే ఉంటుంది. దాన్ని చన్నీళ్ళలో విడిగా ఉతుక్కుంటూ వాడుకోవాలి, లేదా తిరిగి ఇచ్చేయాలి. పక్కా రంగని చెప్పి అమ్మి ఉంటే, నిలదీయడానికి ఆ మూడు గ్లాసుల ఫొటో సరిపోతుంది.

ఇంకో రకం కూడా ఉంది. నీళ్ళు తేటగానే ఉంటాయి గానీ పొడి తెల్లగుడ్డతో ఇరవై సార్లు రుద్దితే గుడ్డ ఎర్రబడుతుంది. ముదురు ఎరుపు, మెరూన్‌లకు వాడే నాఫ్తాల్ రంగుల్లో ఇది కనబడుతుంది. పోగు లోపలికి పోని రంగు పైన పొడిలా నిలిచిపోతుంది. అద్దినవాళ్ళు చివర్లో సబ్బునీళ్ళలో మరగబెట్టి దాన్ని వదిలించాలి. అది మానేస్తే తెల్ల పరుపు గుడ్డకు మరకలవుతాయి. వేడి సబ్బునీళ్ళ ఉతుకులతో తగ్గుతుంది, పూర్తిగా పోదు. సహజ రంగులని చెప్పి అమ్మినవైతే సోడా తగలనివ్వకండి. పసుపు మరకకు సబ్బు రాయగానే ఎర్రబడడం అందరూ చూసిందే, మిగతా చెట్టు రంగుల్లో కూడా చాలా వాటిది అదే తీరు.

దిండు గలీబును ఇస్త్రీ మాత్రం చేయకండి. తెల్ల నూలే కాబట్టి ఆక్సిజన్ బ్లీచ్ పొడి కలిపిన వేడినీళ్ళలో రాత్రంతా ఉంచితే గులాబీ మరక చాలావరకు పోతుంది.

జంపఖానా అంచులు లేవడం మాత్రం నేతలోని లోపమే, చిన్నదే అనుకోండి. జంపఖానాలో పడుగు కనబడదు. పేక దాన్ని పూర్తిగా కప్పేస్తుంది. అలా కప్పాలంటే పేక పోగును పడుగు మధ్య బిగుతుగా లాగకుండా విల్లులా వదులుగా పరిచి, తర్వాత పంజాతో, అంటే పళ్ళున్న ఇనుప పనిముట్టుతో, కిందికి కొట్టాలి. ఆ వదులు చాలని చోట తడి తగలగానే బట్ట లోపలికి లాక్కుంటుంది, దాని పక్కన వదులు ఎక్కువైన చోట ఉబ్బుతుంది. సరిచేయడానికి ఒక మార్గం ఉంది. జంపఖానాను నేల మీద పరిచి, లేచిన అంచుల మీద మాత్రమే నీళ్ళు చల్లి, అరచేతులతో బయటికి సాగదీసి, పైన పలకలు, వాటిమీద బరువులు పెట్టి రెండు రోజులు ఆరనివ్వండి. చాలా మట్టుకు దిగుతుంది. దాన్ని బకెట్లో ముంచే అవసరం ఏడాదికి ఒకసారి కూడా ఉండదు. తిరగేసి కర్రతో కొట్టండి, ముందు వెనుక మార్చి ఎండకు వేయండి. తడిసినప్పుడు తీగ మీద వేలాడదీయకండి, తడి బరువుకు మధ్యలో సాగిపోయి మళ్ళీ చదునుకాదు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి కొత్తవాడలో ఇంకా మగ్గాల మీద నేస్తారు. కొనేముందు నేల మీద పరిపించి నాలుగు మూలలూ చూసుకోండి. పొడిగా ఉన్నప్పుడే లేచే మూల తడిశాక ఎక్కువే లేస్తుంది.

అసలు చేనేతేనా అన్న అనుమానం మీ మనసులో ఉన్నట్టుంది. తువ్వాళ్ళు, జంపఖానాలు, దుప్పట్లలో నిర్దిష్టమైన రకాలను 1985 నాటి చట్టం చేనేతకే కేటాయించింది. 2006 నుంచి చేనేత అని తెలిపే ప్రభుత్వ గుర్తు, హ్యాండ్లూమ్ మార్క్, ఉంది. ఆ చీటీ ఉందేమో చూడండి. నూలేనా అన్నది మీరే తేల్చుకోవచ్చు. నిలువు పోగు ఒకటి, అడ్డ పోగు ఒకటి విడివిడిగా లాగి వెలిగించండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి, వేళ్ళకు మెత్తటి బూడిద అంటుతుంది. పాలిస్టర్ ఉంటే కరిగి గట్టి పూసలా బిగుస్తుంది. రెండింటినీ కాల్చి చూడమనడానికి కారణముంది. ఒక దిక్కు నూలు, ఇంకో దిక్కు పాలిస్టర్ కలిపిన బట్ట చేతికి తేడా తెలియదు.

ఇప్పుడు కొత్త ఆరు దుప్పట్లు. ఉతికాక ఎంత ఉండాలో అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ రావాలి. నేసేవాళ్ళకు అర్థమయ్యేది మగ్గం మీది కొలత. మనం చెప్పేది మంచం మీది కొలత. గొడవలన్నీ ఈ రెంటి మధ్యే వస్తాయి. ఒంటి మంచానికి ఉతికాక 60 వెడల్పు, 100 పొడవు కావాలనుకుందాం.

వెడల్పులో నేత లోపలికి లాగేది, ఉతుకులో తగ్గేది కలిపి నూటికి 8 పోతుంది. అంటే పన్నెలో, పడుగు పోగులు దూర్చే దువ్వెనలాంటి చట్రంలో, 65 అంగుళాలు పరవాలి. 48 నంబరు పన్నె అంటే రెండు అంగుళాలకు 48 పళ్ళు. అందులో పంటికి రెండు పోగుల చొప్పున ఎక్కిస్తే అంగుళానికి 48 పోగులు, మొత్తం 3,120. పొడవులో 100కి మడత కుట్టు కోసం 4 కలపండి. ఉతుకులో నూటికి 6 పోతుంది కాబట్టి మగ్గం దిగేటప్పటికి 111 అంగుళాలు ఉండాలి. నేతలో పడుగు మెలిక తిరగడానికి నూటికి 7 కలిపితే ఒక్కో దుప్పటికి 119 అంగుళాల పడుగు. ఆరింటికి దాదాపు 20 గజాలు. మొదట కట్టడానికి, చివర నేయలేక మిగిలిపోయేదానికి ఇంకో గజం పైన వేసుకుంటే 21.

నూలు ఎంత కావాలో చూడండి. పడుగుకు 2/40, అంటే 40 నంబరు పోగులు రెండు పురిపెట్టింది, పేకకు ఒంటి 20 నంబరు. నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. అందుకే ఈ రెండింటి లావూ దాదాపు ఒకటే, కిలోకు సుమారు 37,000 గజాలు వస్తుంది. పురిపెట్టిన పడుగు మగ్గం మీది రాపిడికి నూగు రేగదు, తెగదు. ఒంటి పేక మెత్తగా ఉండి చెమట పీలుస్తుంది. 3,120 పోగులు 21 గజాలంటే 65,520 గజాలు, కిలో 770 గ్రాములు. పేక అంగుళానికి 44 చొప్పున వేస్తే ఆరు దుప్పట్లకు దాదాపు 53,000 గజాలు, కిలో 430 గ్రాములు. కండెల్లో, ముడుల్లో పోయేదానికి నూటికి 5 కలిపితే మొత్తం 3 కిలోల 350 గ్రాములు. ఈ లెక్కన ఉతికి ఆరిన ఒక్కో దుప్పటి సుమారు అరకిలో తూగాలి. 400 గ్రాములే తూగితే పేక తగ్గించారని అర్థం. ఉతక్కముందు తూచి లాభం లేదు, గంజి బరువు కలిసిపోతుంది.

ఒక్క సంగతి నేసేవాళ్ళ వైపు నుంచి కూడా చూడండి. కొత్త పడుగు ఎక్కించాలంటే పాత పడుగు చివర్లకు 3,120 పోగులూ ఒక్కొక్కటే అతకాలి. 20 గజాల కోసమైనా, 60 గజాల కోసమైనా ఆ పని అంతే. అందుకని ఆరు దుప్పట్లకు ఒప్పుకోకపోతే కోపగించుకోకండి. మగ్గం మీద ఇప్పుడు ఏ పన్నె, ఏ పడుగు నడుస్తోందో అడిగి, దానికి తగ్గట్టు మీ పేక రంగు ఎంచుకోండి, లేదా ఇంకో రెండిళ్ళవాళ్ళను కలుపుకోండి. 65 అంగుళాల మగ్గం అందరి దగ్గరా ఉండదు. చిన్న మగ్గమైతే పన్నెలో 33 అంగుళాల చొప్పున రెండు పట్టీలు నేయించి, అంచుకు అంచు చేర్చి మధ్యలో కుట్టించుకోవచ్చు. అంచు పోగులు విడిపోవు కాబట్టి ఆ కుట్టు గట్టిగానే ఉంటుంది. పడుగు మాత్రం రెట్టింపు పొడవు కావాలి.

రంగు నూలు పడుగెక్కకముందే ఒక చిలప (నూలు చుట్ట) తెప్పించుకుని మూడు గ్లాసుల పరీక్ష చేయండి. బట్టయ్యాక రంగు దిగితే ఎవరూ ఏమీ చేయలేరు, చిలపగా ఉన్నప్పుడైతే మళ్ళీ సబ్బులో మరగబెట్టొచ్చు. పోగు లోపల కరగకుండా నిలిచిపోయే వ్యాట్ రంగు అయితే ఇంకా నిశ్చింత, కాకపోతే ఖర్చు ఎక్కువ.

కాగితం మీద ఇలా రాసివ్వండి: పన్నెలో వెడల్పు 65, దించేటప్పుడు పొడవు 111, పన్నె 48, పేక 44, నూలు 2/40, 20, ఉతికాక 60కి 100. ఒక దుప్పటికీ ఇంకో దుప్పటికీ మధ్య వేరే రంగు పేక నాలుగు పోగులు వేయమనండి, అక్కడ కత్తిరించాలి. కుట్టు మాత్రం అప్పుడే వేయించకండి. కోసిన అంచులు విడిపోకుండా పొడుగు టాకాలు వేసి, వేడినీళ్ళలో ఒకసారి ఉతికి ఆరాకే నూలు దారంతో మడత కుట్టించండి. ఉతక్కముందు కుట్టిస్తే బట్ట కుదించుకుని మడత కుట్టు ముడతలు పడుతుంది, ఆ ముడతలు ఇస్త్రీకి కూడా లొంగవు.